పలక నుంచి ఇసుకకు బదిలీ

రాష్ట్ర గట్ల సంరక్షణ మండలిలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేసే సిరిపురపు నూకరత్నం లాంగ్ జంప్ చేస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆమెకి ఆ ఉద్యోగం వచ్చిందే అందువల్ల. కానీ దూకినప్పుడల్లా ఆమె కాసేపు నేల మీద ఉండదన్న సంగతి మాత్రం నాలుగేళ్ళ పాటు ఎవరి దృష్టికీ రాలేదు.

తెచ్చినవారు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ సూపరింటెండెంటు అవధానుల త్రిపురాంతకం గారు. ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో కాగితం లేకుండా కుర్చీలోంచి లేచిన మనిషి కాదు. చెడ్డవారని కాదు. టీ తాగుతూ కూడా పక్కవాళ్ళ కామాలు దిద్దుతారు, అంతే.

ఆ ఏడాది మండలి ఎండీ కృపానిధి గారు మూడు రోజుల శిక్షణకి వెళ్ళి జవాబుదారీతనం నేర్చుకుని వచ్చారు. వచ్చిన మర్నాడే సర్క్యులర్ వేశారు: "మండలి ఉద్యోగి ఎవరూ, ఏ క్షణమందునూ, ఏదో ఒక అధికారి పరిధిలో లేకుండా ఉండరాదు." దాంతో క్యాంటీనుకి ఒక ఇన్‌చార్జి, మెట్లకి ఒక ఇన్‌చార్జి, లిఫ్టుకి ఎక్కేటప్పుడు ఒకరు, దిగేటప్పుడు ఒకరు వచ్చారు. ఎవరూ పెద్దగా ఇబ్బంది పడలేదు. ఆఫీసులో మనుషులు అప్పటికే ఎక్కువున్నారు.

సరిగ్గా అప్పుడే రత్నం అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్‌కి ఎంపికైంది. ఆన్ డ్యూటీ కోసం దరఖాస్తు పెట్టి, కోచ్ ఎస్తేరమ్మ రాసిచ్చిన రెండు పేజీల నివేదిక జతచేసింది. త్రిపురాంతకం గారు దాన్ని రెండు రోజులు చదివి ఆమెని పిలిపించారు.

"అమ్మా, ఇక్కడ 'గాలిలో ఉండు సమయం సున్నా పాయింటు ఎనిమిది రెండు సెకండ్లు' అని రాశారు. ఆ సమయంలో మీరెక్కడుంటారు?"

"గాల్లోనేనండి."

"గాలి ఎవరి పరిధి?"

రత్నం ఆలోచించింది. విజయనగరం గ్రౌండులో పదకొండేళ్ళుగా దూకుతోంది గానీ ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. "తెలీదండి. ఎగిరి పడిపోతానండి. మజ్జిలో ఏటుంటాదండీ?"

"అదే నా ప్రశ్న కూడా," అన్నారు ఆయన, ఎర్ర సిరా పెన్ను మూత తీస్తూ.

ఫైలు ఎండీ గారి దగ్గరికి వెళ్ళింది. మూడు సమావేశాలు జరిగాయి. మొదటి సమావేశంలో గాల్లోకి లేవకుండా దూకే అవకాశం పరిశీలించారు. రెండో దాంట్లో అది కుదరదని ఎస్తేరమ్మని పిలిపించి రూఢి చేసుకున్నారు. మూడో దాంట్లో త్రిపురాంతకం గారు పరిష్కారం చెప్పారు.

"అయ్యా, ఉద్యోగి ఒక స్థానం విడిచి వేరొక స్థానంలో చేరును. మన నిబంధనల్లో దీనికి పేరుంది. బదిలీ. పలక వద్ద ఒక అధికారి ఆమెను రిలీవ్ చేస్తారు. ఇసుకలో ఇంకొక అధికారి ఆమెను చేర్చుకుంటారు. మధ్యకాలం జాయినింగ్ టైము అవుతుంది."

కాలు మోపి ఎగిరే చోటుని ఆటగాళ్ళు బోర్డు అంటారు. మండలిని కూడా బోర్డు అనే అంటారు కాబట్టి, అయోమయం లేకుండా ఫైల్లో పలక అని రాసుకున్నారు.

కృపానిధి గారి మొహం వికసించింది. అంతలోనే ముడుచుకుంది. "బదిలీల మీద నిషేధం ఉంది కదండీ, జూన్ దాకా?"

నిషేధం సడలిస్తూ ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. పోటీ నిబంధనల పుస్తకం తిరగేసి ఒక్కొక్కరికి ఆరు దూకుళ్ళుంటాయని గ్రహించి, "ఆరు బదిలీలకు మించకుండా" అన్నారు. రిలీవు చేసే అధికారి త్రిపురాంతకం గారు. చేర్చుకునే అధికారి డిప్యూటీ డైరెక్టర్ కొప్పరపు ఘనశ్యామరావు గారు. క్రీడాకారిణి వెంట ఇద్దరికి మించి వెళ్ళకూడదని వేరే నిబంధన ఉండడంతో కోచ్ ఎస్తేరమ్మ పేరు కొట్టేశారు.

ఆ సాయంత్రం గ్రౌండులో ఎస్తేరమ్మ పలక మీది ఇసుకని చీపురుతో ఊడుస్తూనే ఉంది. ఒకప్పుడు ఆవిడా దూకినావిడే, ట్రిపుల్ జంపు. మోకాలు విరిగాక ఎనిమిదో తరగతి పిల్లల్ని పోగేసి దూకడం నేర్పింది. వాళ్ళలో చివరిదాకా నిలబడింది రత్నం ఒక్కర్తే.

"మీరు నేకపోతే నా కాలు ఎక్కడ పడతందో ఎవులు సూస్తారు మేడమ్?" అంది రత్నం. ఆమె జబ్బు అదే. నలభై మీటర్ల పరుగు పరిగెత్తి వచ్చాక పాదం పలక మీద సరిగ్గా పడదు. వెనక పడితే ఆ దూరం వృథా, ముందుకి పడితే ఫౌలు. పక్కనుండి చూసి చెప్పే కన్ను కావాలి.

"నాను ఫోన్లో సూస్తానే," అంది ఎస్తేరమ్మ. ఫోన్లో పాదం కనబడదని ఇద్దరికీ తెలుసు.

*

పోటీ జరిగే నగరం పేరు పలకాలంటే ముందు గొంతు సవరించుకోవాలి. విమానంలో ఘనశ్యామరావు గారు రత్నం పక్కన కూర్చుని కాగితం తీశారు.

"చేరవలసిన స్థానం ముందుగా తెలియపరచాలమ్మా. ఇసుకలో సుమారు ఎక్కడ దిగుతారు?"

"దూరంగా దిగాలనే అనుకుంటానండి."

"'దూరంగా' అన్నది స్థానం కాదు." ఆయన ఆ గడి ఖాళీగా ఉంచి, పక్కన 'వివరములు అందలేదు' అని రాసుకున్నారు.

అర్హత పోటీ రోజున మొదటి చిక్కు వచ్చింది. మైదానంలోకి అధికారుల్ని రానివ్వలేదు. తెల్లటోపీ పెట్టుకున్న పొడవాటి పరదేశీ జడ్జి ఒకావిడ, వీళ్ళ ఉత్తర్వులు ఓపిగ్గా చూసి, నవ్వి, గ్యాలరీ వైపు చెయ్యి చూపించింది. అందుచేత త్రిపురాంతకం గారు పలకకి సరిగ్గా ఎదురుగా మొదటి వరసలో, ఘనశ్యామరావు గారు ఇసుక గుంటకి ఎదురుగా ఇంకొంచెం అవతల, ఇద్దరూ దుర్భిణులు పట్టుకుని కూర్చున్నారు. రిలీవ్ చేసినట్టు గుర్తుగా త్రిపురాంతకం గారు ఆకుపచ్చ రుమాలు ఊపాలి. అది ఊపేదాకా రత్నం పరిగెత్తకూడదు.

ఆమె పేరు పిలిచారు. ఆమె పరుగు మొదలుపెట్టే చోట నిలబడి గ్యాలరీ వైపు చూసింది. త్రిపురాంతకం గారు రిలీవింగ్ ఉత్తర్వు రాస్తున్నారు. దూకడానికి ఒక్క నిమిషమే గడువు. ఆయన 'విషయము' పూర్తి చేసి 'సూచిక'కి వచ్చేసరికి నలభై సెకండ్లయింది. 'పై సూచికల ననుసరించి' దగ్గరికి వచ్చేసరికి తెల్లటోపీ ఆవిడ ఎర్రజెండా ఎత్తింది. ఒక అవకాశం పోయింది.

రత్నం పరుగున కంచె దగ్గరికి వెళ్ళింది. కోచ్‌లతో మాట్లాడుకోవడానికి అక్కడ చోటుంది.

"సార్, నాకింక రెండే ఉన్నాయండి. అర్హత రాకపోతే రేపు ఇంటికేనండి!"

త్రిపురాంతకం గారి మొహం పాలిపోయింది. ఆలస్యం ఆయనకి కొత్త కాదు. ఆయన ఆలస్యం వల్ల ఒక మనిషి ఎదురుగా నిలబడి ఏడుపు ఆపుకోవడం కొత్త. "ముందే రాసి ఉంచుతానమ్మా. సమయం, స్థలం మాత్రం తరవాత నింపుతాను," అన్నారు. గబగబా మిగిలిన ఫారాలన్నీ రాసేశారు.

రెండోసారి రుమాలు వెంటనే ఊగింది. రత్నం దూకింది. ఆరు మీటర్ల ముప్ఫై ఎనిమిది. అది చాలదు. మళ్ళీ కంచె దగ్గరికి వచ్చి నీళ్ళు తాగుతుంటే, త్రిపురాంతకం గారు ఫారం ఆరబెడుతూ కనిపించారు. అనుకోకుండా చదివింది. "రిలీవైన స్థలము: పలక ముందంచుకు పదకొండు సెంటీమీటర్లు వెనుక. కుడిపాదము. మడమ స్వల్పముగా లోపలికి."

"సార్, ఈ పదకొండు మీకెలాగ తెలిసిందండి?"

"చూశాను కదమ్మా. పలక వెడల్పు ఇరవై సెంటీమీటర్లని పుస్తకంలో ఉంది. దాన్నిబట్టి లెక్కకట్టాను. రిలీవైన స్థలం తప్పు రాస్తే రేపు అభ్యంతరం వస్తుంది."

రత్నం ఆ అంకె మనసులో పెట్టుకుంది. వెళ్ళి పరుగు మొదలుపెట్టే గుర్తుని సగం జానెడు ముందుకి జరుపుకుంది. మూడోసారి ఆరు మీటర్ల యాభై రెండు వచ్చింది. పన్నెండుమందిని తీసుకుంటారు, ఆమె పన్నెండోది.

బసకి వెళ్ళగానే ఎస్తేరమ్మకి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"ఆ ముసలాయన మిల్లీమీటర్లు కూడా సెప్తాడేటి?"

"అడిగితే సెప్తాడనుకుంటాను మేడమ్."

"అయితే ఆయన్ని అక్కడే కూకోబెట్టు. లెగనీకు. మంచినీళ్ళు కావాలన్నా నువ్వే అట్టుకెళ్ళివ్వు."

*

ఫైనల్ రోజున ఎండ గట్టిగా ఉంది. త్రిపురాంతకం గారు గంట ముందే వచ్చి తన చోట కూర్చున్నారు. ఎవరో దేశంవాళ్ళు జెండా పట్టుకుని అడ్డంగా నిలబడితే, సర్వీసు నిబంధనలు ఉటంకిస్తూ తెలుగులో కేకలేశారు. వాళ్ళు తప్పుకున్నారు.

మొదటి దూకుడు ఆరు నలభై తొమ్మిది. "ఎనిమిది సెంటీమీటర్లు వెనుక," అన్నారు కంచె దగ్గర. రెండోది ఫౌలు. "రెండు మిల్లీమీటర్లు అతిక్రమణ," అన్నారు బాధగా. ఆ మాట వాడాల్సి వచ్చినందుకే ఆ బాధ. మూడోది ఆరు అరవై ఒకటి. పన్నెండుమందిలో నలుగురు ఇంటిదారి పట్టారు. మిగిలిన ఎనిమిదిమందిలో రత్నం ఏడోది. నాలుగోసారి ఆరు యాభై ఎనిమిది.

అప్పుడు ఘనశ్యామరావు గారు ఫైలు చంకన పెట్టుకుని తన చోటు నుంచి లేచి వచ్చారు.

"అయిపోయింది. ఇక వెళ్దాం పదండి."

"ఇంకా రెండున్నాయండీ!" అంది రత్నం కంచె ఇవతల నుంచి.

"పోటీలో ఉండొచ్చు. ఉత్తర్వులో లేవు. ఆరు బదిలీలకు మించరాదు. మొన్న రెండు, ఇవాళ నాలుగు. ఆరు. అర్హత పోటీ అని వేరే ఒకటుంటుందని మాకెవరూ చెప్పలేదు. ఏడోసారి దూకితే అది అనధికార గమనం."

రత్నం త్రిపురాంతకం గారి వైపు చూసింది. ఈ బదిలీ అన్న మాట పుట్టించింది ఆయనే. ఆయన ఫారాలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే తిప్పుతున్నారు. ఆమె పేరు ఇంకో నిమిషంలో పిలుస్తారు.

"ఘనశ్యామరావు గారూ," అన్నారు తలెత్తకుండా, "రెండో దూకుడు ఫౌలు కదా. పలక దాటిన చోట నేనామెను రిలీవ్ చెయ్యలేను. అది నా పరిధి కాదు. అంటే రిలీవు చెల్లదు."

"నేను చేర్చుకున్నానండీ. రాసుకున్నాను కూడా."

"రిలీవే కాని ఉద్యోగిని మీరెలా చేర్చుకున్నారు? అది రద్దయిన బదిలీ. లెక్కలోకి రాదు. ఇంకొకటి మిగిలింది."

ఘనశ్యామరావు గారికి ముచ్చెమటలు పట్టాయి. తాను తప్పుగా చేర్చుకున్నట్టు కాగితం మీద ఉందన్నదొక్కటే ఆయనకి అర్థమైంది. ఫైలు పట్టుకుని తన చోటికి వెళ్ళిపోయారు.

"అమ్మా," అన్నారు త్రిపురాంతకం గారు. "ఇందాక నాలుగు సెంటీమీటర్లు వెనుక. ఎండకి మీ అడుగు చిన్నదవుతోంది. గుర్తు మూడు ముందుకి జరపండి. నాలుగొద్దు."

రత్నం మూడు జరిపింది. రుమాలు ఊగింది. పరుగులో ఈసారి పాదం గురించి ఆలోచన రాలేదు. పలక తనంతట తానే కాలి కిందకి వచ్చినట్టనిపించింది. ఇసుకలోంచి లేచి చూస్తే తెల్లజెండా. ఆరు డెబ్భై నాలుగు. మూడో స్థానం.

ఆ మూడో స్థానం ఆమె దగ్గర పావుగంట ఉంది. ఆఖరి వరసలో, ఆమెకంటే ముందు దూకే బక్కపల్చటి అమ్మాయి ఒకతె ఆరు డెబ్భై ఏడు దూకి, ఇసుకలోనే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది. రత్నం నాలుగోదైపోయింది. ఇక ఒక్క అవకాశం. ఉత్తర్వులో మాత్రం ఏమీ మిగల్లేదు. ఇప్పుడు రద్దు చెయ్యడానికి ఫౌలు కూడా లేదు.

పేరు పిలిచారు. గడియారం అరవై నుంచి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆమె గ్యాలరీ వైపు చూసింది. ఘనశ్యామరావు గారు రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నారు. ఉద్యోగం పోతే నాన్నతో ఏం చెప్పాలో ఒకసారి తలుచుకుంది. ముప్ఫై సెకండ్లు.

త్రిపురాంతకం గారి ముందు ఫారాలు లేవు. అయిపోయాయి. ఆయన ఖాళీ చేతుల్ని చూసుకున్నారు. జేబులో పెన్ను తడుముకుని, మళ్ళీ వదిలేశారు. అప్పుడు లేచి నిలబడ్డారు. కాగితం లేకుండా, సూచిక లేకుండా, ఆకుపచ్చ రుమాలు రెండు చేతుల్తో తల మీదకెత్తి ఊపడం మొదలుపెట్టారు. ఊపడం ఆపలేదు.

"పరిగెత్తమ్మా!" అని అరిచారు. "నేను చూసుకుంటాను!"

రత్నం పరిగెత్తింది. ఆమె గాల్లో ఉండగానే ఘనశ్యామరావు గారు, చేర్చుకోవాల్సి వస్తుందని, వీపు ఇటు తిప్పేసి నిలబడ్డారు. ఆరు మీటర్ల ఎనభై మూడు. ఆ తరవాత దూకిన ఇద్దరూ అప్పటికే ఆమె ముందున్నవాళ్ళు. కంచు పతకం ఖాయమైంది.

తెల్లటోపీ ఆవిడ వచ్చి రత్నం భుజం తట్టి, గ్యాలరీ వైపు వేలు చూపి ఏదో అడిగింది. మీ కోచా అని అడిగినట్టుంది. రత్నం తల ఊపింది.

*

తిరిగొచ్చాక తేలిందేమిటంటే, రత్నం రిలీవైంది గానీ ఎక్కడా చేరలేదు. మౌఖికంగానైనా రిలీవ్ చేశానని త్రిపురాంతకం గారు సంతకం పెట్టారు. చేర్చుకోలేదని ఘనశ్యామరావు గారు సంతకం పెట్టారు. మండలి రికార్డుల ప్రకారం ఆమె అనధికారికంగా గైర్హాజరైన ఉద్యోగి. ఆమె రోజూ వచ్చి తన కుర్చీలో కూర్చునేది. హాజరు పట్టీలో ఆమె పేరెదురుగా ఎర్రగీత ఉండేది.

అయినా సన్మానం ఆగలేదు. ఎండీ గారు ఆ తేదీన ఫోటోగ్రాఫరుని పిలిచేసి ఉన్నారు. గైర్హాజరైన ఉద్యోగిని వేదిక మీదకి పిలిస్తే హాజరైనట్టు ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి, వేదిక మీద ఖాళీ కుర్చీ వేసి దానికి శాలువా కప్పారు. కుర్చీకి పూలదండ వేశారు. "ఈ బిడ్డ మన మండలికి గర్వకారణం," అని కృపానిధి గారు కుర్చీ వీపు మీద చెయ్యి వేసి గద్గదంగా మాట్లాడారు. రత్నం మూడో వరసలో అమ్మానాన్నల మధ్య కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టింది. దండేసిన కుర్చీని చూసి వాళ్ళమ్మకి ఏడుపొచ్చింది.

"ఇదేటే అశుభం? నువ్విక్కడే ఉన్నావు గదే?"

"ఉన్నానమ్మా. ఊరుకో."

నలభై రోజుల తరవాత ఆ ముడి విప్పింది కూడా త్రిపురాంతకం గారే. పోటీ నిర్వాహకులు అచ్చువేసిన ఫలితాల కాగితంలో ఉద్యోగి పేరు, స్థలం, సమయం, దూరం, సంతకం ఉన్నాయి కనుక దాన్ని జాయినింగ్ రిపోర్టుగా భావించవచ్చని నోటు పెట్టారు. పద్దెనిమిది పేరాల నోటు. పందొమ్మిదో పేరాలో, ఉత్తర్వు లేకుండా రుమాలు ఊపిన బాధ్యత పూర్తిగా తనదేనని రాశారు. ఎండీ గారు పద్దెనిమిది పేరాలూ ఆమోదించి, పందొమ్మిదో దాని మీద చర్య తీసుకున్నారు. త్రిపురాంతకం గారిని రాష్ట్రానికి ఆ చివర, గోదావరి అవతల అడవిలో ఉన్న ఒక గట్టు సబ్‌డివిజనుకి బదిలీ చేశారు. నిషేధం సడలించి మరీ చేశారు.

రత్నం ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఉత్తర్వులో ఒక కామా తప్పుందమ్మా," అన్నారాయన, అది చదువుతూ. "పోనీలెండి."

ఆయన వెళ్ళిపోయిన తొమ్మిదో రోజు పొద్దున్న విజయనగరం గ్రౌండులో రత్నం దూకుతుంటే, ఎస్తేరమ్మ పలక పక్కన గొంతుక్కూర్చుని చూస్తోంది. రైలు స్టేషన్ వైపు గేటులోంచి త్రిపురాంతకం గారు ట్రంకు పెట్టె మోసుకుంటూ వచ్చారు. ఎవరికీ నమస్కారం కూడా పెట్టకుండా, పెట్టె పలకకి సరిగ్గా ఎదురుగా దించి దాని మీద కూర్చున్నారు.

రత్నం పరిగెత్తి దూకింది.

"బాగుందే," అంది ఎస్తేరమ్మ.

"బాగోలేదండీ," అన్నారు ఆయన. "ఆరు సెంటీమీటర్లు వెనుక."

"మూడే."

"ఆరు."

ఎస్తేరమ్మ టేపు తెచ్చి కొలిచింది. కొలిచాక టేపు చుట్టేసుకుంది గానీ ఎంతొచ్చిందో చెప్పలేదు. కాసేపటికి పెట్టె వైపు చూసి అడిగింది.

"మీరక్కడెప్పుడు జాయినవ్వాలండీ?"

"నిన్న," అన్నారు త్రిపురాంతకం గారు, పలక మీంచి కళ్ళు తియ్యకుండా. "అమ్మాయిని మళ్ళీ పరిగెత్తమనండి."